‘మైదాన్’ సినిమాను పిల్లలకు ఎలా చూపించాలి: తెర దగ్గర మొదలుపెట్టి గ్రౌండ్ దాకా

‘మైదాన్’ మన దేశ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ కథ. మా స్కూల్లో మొదటిసారి ఈ సినిమా వేసినప్పుడు మూడు గంటలూ ఏకబిగిన చూపించేశాం. ఫైనల్లో రెండో గోల్ పడగానే హాలంతా లేచి నిలబడింది. ఈలలు, కేకలు. మర్నాడు పొద్దున గ్రౌండ్‌లోకి వెళ్తే ఎప్పటిలాగే క్రికెట్ ఆడుతున్నారు. ఫుట్‌బాల్ స్టోర్ రూమ్ మూలలో గాలి పోయి పడి ఉంది. తొమ్మిదో తరగతి అబ్బాయిని పిలిచి ‘రహీమ్ గారు ఏ ఊరాయన రా?’ అని అడిగితే ‘బొంబాయా సార్?’ అన్నాడు.

ఆయనది హైదరాబాద్. మనలాగే బడిపంతులు. కాచిగూడలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ సంగతి కూడా తెలియకుండా పిల్లలు ఇంటికి వెళ్ళారంటే లోపం నాదే. రెండోసారి పద్ధతి మార్చాను, మూడోసారి ఇంకొంచెం సరిచేశాను. ఇప్పుడు దాదాపు కుదిరిందనిపిస్తోంది. మీరు టీచరైనా, పీఈటీ అయినా, కాలనీలో పిల్లల్ని పోగుచేసే పెద్దలైనా, ఇంట్లో ఇద్దరు పిల్లలున్న తల్లిదండ్రులైనా ఈ పద్ధతిలో చేసి చూడండి. కావలసినవి ఒక తెర, ఒక బంతి, మొత్తం మూడు రోజుల టైము.

మొదటి పని: మీరు ఒక్కరే కూర్చుని చూడండి

పిల్లలతో పాటు మొదటిసారి చూద్దాంలే అనుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో విడుదలైన హిందీ సినిమా ఇది. అమిత్ శర్మ దర్శకుడు, అజయ్ దేవగణ్ రహీమ్ పాత్ర వేశాడు, ప్రియమణి ఆయన భార్యగా కనిపిస్తుంది. నిడివి మూడు గంటలు. ఒక నోట్‌బుక్, పెన్ను దగ్గర పెట్టుకుని చూస్తూ మూడు రకాల చోట్ల టైము రాసుకోండి: పిల్లలకు భాష అర్థం కాని చోట్లు, ఆపి ఒక్క మాట చెప్పాల్సిన చోట్లు, మనసు బరువెక్కే చోట్లు.

హైదరాబాద్, నిజామాబాద్ వైపు పిల్లలు హిందీ కొంచెం అందుకుంటారు. గోదావరి జిల్లాలో, శ్రీకాకుళంలో పిల్లలకు కష్టం. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా అనకండి. ఆరో తరగతి పిల్లవాడు ఒక లైను చదివేలోపు తెర మీద బంతి గోల్ దాటిపోతుంది. అలాగని ప్రతి డైలాగుకీ తెలుగు చెబుతూ పోతే సినిమా చచ్చిపోతుంది. మొత్తం మీద నాలుగైదు చోట్ల మాత్రమే ఆపండి. ఆటకు అనువాదం అక్కర్లేదు, మ్యాచ్ సీన్లలో అస్సలు మాట్లాడకండి.

సిగరెట్ సంగతి ముందే ఆలోచించి పెట్టుకోండి. సినిమాలో రహీమ్ చేతిలో సిగరెట్ తరచూ కనిపిస్తుంది. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడం కథలో పెద్ద భాగం, అది నిజంగా జరిగినదే. మీ పిల్లల్లో ఎవరి ఇంట్లోనైనా అలాంటి జబ్బు మనిషి ఉంటే ఆ పిల్లకు ముందే ఒక మాట చెప్పి, పక్కన కూర్చోబెట్టుకోండి. మా దగ్గర ఏడో తరగతి అమ్మాయి రక్తం దగ్గే సీన్ రాగానే లేచి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్తే వరండాలో కుళాయి దగ్గర నిలబడి ఉంది. వాళ్ళ తాతయ్య బీడీలు తాగుతాడట. ‘ఇంటికెళ్ళి చెప్తా సార్’ అంది. అంతకు మించి ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు.

రెండో పని: అసలు కథ మీ నోటికి రావాలి

దీనికే ఎక్కువ టైము పెట్టండి. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ‘సార్, ఇది నిజంగా జరిగిందా?’ అన్నది. ఆ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. నేను పిల్లలకు చెప్పే వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుని బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. అక్కడి క్లబ్బుల ముందు మన పోలీస్ జట్టుని లెక్కలోకి తీసుకున్నవాళ్ళు తక్కువ. అలాంటి జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. ఈ అంకె బోర్డు మీద పెద్దగా రాయండి. పిల్లలు ఐపీఎల్ కప్పుల లెక్కతో పోల్చుకుంటారు, పోల్చుకోనివ్వండి.

జాతీయ జట్టు బాధ్యత కూడా ఆయన మీదే పడింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయారు. అప్పటికి మనవాళ్ళలో చాలామంది ఒట్టి కాళ్ళతోనే ఆడేవాళ్ళు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. సినిమా మొదలయ్యేది ఈ ఓటమి దగ్గరే.

నాలుగేళ్ళకు 1956 మెల్‌బోర్న్. ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టారు. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న గ్రూపులో పడ్డారు. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నారు, హంగరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడారు. గ్రూపు దాటకపోయినా అది చిన్న సంగతి కాదు. మామూలుగా ‘ఓడిపోయారు’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. పిల్లలకు మాత్రం ఎవరితో, ఎంత తేడాతో ఓడారో చెప్పండి. పది గోల్స్ తిన్న జట్టు ఎనిమిదేళ్ళలో హంగరీకి చెమటలు పట్టించింది అని అర్థమైతే చాలు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇది వివరంగా చెప్పండి, కథంతా ఇక్కడే ఉంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2. ఫైనల్లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. సెప్టెంబర్ 4న, స్టేడియంలో దాదాపు లక్ష మంది, వాళ్ళలో చాలామంది మనవాళ్ళని వెక్కిరిస్తున్నారు. ఎందుకంటే ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని మన దేశానికి చెందిన క్రీడా పెద్ద గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనానికి కోపం వచ్చింది, మన రాయబార కార్యాలయం మీదకు కూడా గుంపు వెళ్ళింది. ఆ కోపం ఆటగాళ్ళ మీద పడింది.

జర్నైల్ సింగ్ డిఫెండర్. థాయిలాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి రహీమ్ సెమీఫైనల్లో, ఫైనల్లో ముందు వరసలో ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు, 20వ నిమిషంలో జర్నైల్ కొట్టాడు. చివర్లో కొరియా ఒకటి కొట్టింది, అంతే. 2-1. కెప్టెన్ చునీ గోస్వామి, గోల్ దగ్గర పీటర్ తంగరాజ్.

1963 జూన్‌లో రహీమ్ చనిపోయారు. స్వర్ణం గెలిచి ఏడాది కూడా తిరగలేదు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు.

ఇంత కథ ఒక్కసారే చెప్పకండి. ఇది మీ జేబులో ఉండాలి, అవసరమైనప్పుడు తీయాలి.

మూడో పని: అనుమతి

త్వరగా తేల్చే పనే గాని వదిలేయకూడదు. ఇంట్లో మీ పిల్లలు, పక్కింటి ఇద్దరు పిల్లలు కలిసి టీవీలో చూస్తే ఇబ్బంది లేదు. స్కూల్లో అయితే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకు ఒక వెసులుబాటు ఉంది. విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, బడి పనులతో సంబంధం ఉన్నవాళ్ళు మాత్రమే ప్రేక్షకులైతే బడి కార్యక్రమంగా సినిమా చూపించవచ్చు. అయితే ఓటీటీ ఖాతాలకు వాళ్ళ షరతులు వేరుగా ఉంటాయి, అవి ఇంటి వాడకానికి ఇచ్చినవి. కాబట్టి హెడ్మాస్టర్‌తో మాట్లాడి, ఆ షరతులు చదివి, అవసరమైతే హక్కుదారుల్ని అడిగి, అప్పుడే తేదీ పెట్టుకోండి. కాలనీలో బహిరంగంగా తెర కట్టి వేయాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి లేకుండా వద్దు. పైరసీ కాపీ అసలే వద్దు. నిజాయితీగా ఆడిన మనిషి కథని దొంగ ప్రింట్‌లో చూపిస్తే పిల్లలకు మనం ఏం నేర్పినట్టు?

తల్లిదండ్రులకు చీటీ పంపండి: ఏ సినిమా, ఎన్ని గంటలు, అందులో జబ్బు, చావు ఉన్నాయి, ఎన్నింటికి వదులుతాం. నాలుగు లైన్లు చాలు.

నాలుగో పని: గది

పగలు వేస్తే వెలుతురే మొదటి శత్రువు. కిటికీలకు దుప్పట్లు కడితే పక్కల నుంచి వెలుగు వస్తూనే ఉంటుంది. నల్ల చార్ట్ పేపర్లు టేపుతో అద్దాలకే అంటించేస్తే నయం. తెర లేకపోతే ఇస్త్రీ చేసిన తెల్ల పంచె సరిపోతుంది, కింది అంచుకి ఒక కర్ర కట్టండి, గాలికి ఊగదు.

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, సౌండ్ సరిగా లేకపోతే పది నిమిషాల్లో గొడవ మొదలవుతుంది. ప్రొజెక్టర్‌లో ఉండే చిన్న స్పీకర్‌ని నమ్ముకోకండి. బడి ప్రార్థనకు వాడే స్పీకర్ ఉంటే తెచ్చి తెర పక్కన పెట్టండి, వెనక కాదు. బంతిని తన్నిన చప్పుడు తెర వైపు నుంచే రావాలి.

ముందురోజే అదే గదిలో, అదే ల్యాప్‌టాప్‌తో, అదే వైరుతో పదిహేను నిమిషాలు వేసి చూడండి. మా దగ్గర ఒకసారి అన్నీ ఉన్నాయి, ల్యాప్‌టాప్ ఛార్జర్ ఒక్కటి ఇంట్లో ఉండిపోయింది. ఇన్వర్టర్ ఉందో లేదో, ఉంటే ఎంతసేపు లాగుతుందో అడిగి తెలుసుకోండి. సినిమా మధ్యలో కరెంటు పోతే టెన్షన్ పడొద్దు. ఆ ఖాళీలో జకార్తాలో జనం మనవాళ్ళని ఎందుకు వెక్కిరించారో చెప్పేయండి.

అరవై మందికి మించి పిల్లల్ని ఒకే గదిలో కుక్కకండి. పొట్టివాళ్ళు ముందు, ఇంకా ముందు చాపల మీద చిన్నవాళ్ళు. మంచినీళ్ళు, మరమరాలో ఉడికించిన శనగలో ఏదో ఒకటి పెట్టండి. ఆకలితో ఉన్న పిల్లవాడికి ఏ ఒలింపిక్సూ పట్టవు.

ఐదో పని: మొదలుపెట్టే ముందు పది నిమిషాలు

ఉపన్యాసం ఇవ్వకండి. రెండు పనులు చేయండి చాలు.

ఒకటి, ప్రపంచ పటం. హైదరాబాద్ మీద ఒక చుక్క, హెల్సింకీ మీద, మెల్‌బోర్న్ మీద, రోమ్ మీద, జకార్తా మీద ఒక్కో చుక్క పెట్టించండి. ఎవరికి వాళ్ళు వచ్చి వెతికి పెట్టాలి. పిల్లలు ఎక్కువసేపు వెతికేది హెల్సింకీని. వెతకనివ్వండి, చెప్పేయకండి.

రెండోది, ఒక పిల్లవాణ్ణి పిలిచి బూట్లు విప్పించి ఒట్టి కాలితో బంతిని గోడకి తన్నించండి. తర్వాత బూటు వేసుకుని తన్నమనండి. ‘ఏది తేలిక?’ అని అడగండి. చాలామంది ‘ఒట్టి కాలే’ అంటారు, ఎందుకంటే వాళ్ళకు అలవాటైనది అదే. అప్పుడు చెప్పండి: ‘1952లో మనవాళ్ళు కూడా అదే అన్నారు.’ అక్కడితో ఆపేసి లైట్లు ఆర్పండి. ఆ వాక్యం మనసులో పెట్టుకుని కూర్చున్న పిల్లలు మొదటి సీన్‌ని వేరేగా చూస్తారు. నేను కళ్ళారా చూశాను.

ఆరో పని: రెండు పూటలుగా వేయండి

మూడు గంటలు ఒకే బిగిన వద్దు. రోమ్ ఒలింపిక్స్ భాగం అయిపోయే చోట ఆపండి. అంటే ఓటమి దగ్గర. పిల్లలు గోల చేస్తారు, ‘ఇంకొంచెం సార్’ అంటారు. ఒప్పుకోకండి. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలకు సగం కథ చెప్పుకుంటారు. మా పిల్లల్లో ఒకడు వాళ్ళ నాన్నకి కథ చెబితే, ఆయన రెండో రోజు పని మానుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

మొదటి రోజు ఇంటికి పంపే ముందు ఒకే ఒక ప్రశ్న రాసి ఇవ్వండి: ‘నువ్వు రహీమ్ గారి చోట ఉంటే ఇప్పుడు ఏం మారుస్తావు?’ మర్నాడు సినిమా మొదలుపెట్టే ముందు నలుగురి జవాబులు వినండి. ఒక పిల్ల ‘గోల్ కీపర్‌ని మారుస్తా’ అంది, ఇంకొకడు ‘ఏం మార్చను, ఇంకా ప్రాక్టీస్ చేయిస్తా’ అన్నాడు. ఏది కరెక్టో చెప్పకండి, సినిమాయే చెబుతుంది.

రెండో రోజు ఫైనల్ మ్యాచ్ నడుస్తున్నప్పుడు పిల్లల్ని కూర్చోమని అరవకండి. లేచి నిలబడతారు, నిలబడనివ్వండి. పక్క క్లాసు టీచర్‌కి ముందే చెప్పి ఉంచండి.

ఏడో పని: ఏది నిజం, ఏది సినిమా?

చాలామంది వదిలేసేది ఇదే. నిజంగా జరిగిన కథ అని పోస్టర్ మీద ఉంటే తెర మీది ప్రతిదీ జరిగిందనే పిల్లలు అనుకుంటారు. అలాగే వదిలేయడం నాకు నచ్చదు. అలాగని ‘అదంతా అబద్ధం’ అని చప్పరించేయడం కూడా సరికాదు.

బోర్డు మీద రెండు గళ్ళు గీయండి: ‘జరిగింది’, ‘అల్లింది’. పిల్లలే ఒక్కో సంగతి చెప్పాలి, ఏ గడిలో వేయాలో వాదించుకోవాలి. మీ దగ్గర అసలు కథ ఉంది కాబట్టి చివర్లో మీరు తేల్చండి. స్కోర్లు నిజం. జర్నైల్ తల గాయం నిజం. జనం వెక్కిరింపు నిజం. రహీమ్ జబ్బు నిజం. కథలో రహీమ్‌కి అడ్డుపడే పత్రికా రచయిత, ఫెడరేషన్ పెద్దమనిషి మాత్రం సినిమా కోసం అల్లిన పాత్రలు. ఇది చెప్పగానే పిల్లలు కొంచెం నీరుగారిపోతారు. అప్పుడు అడగండి: ‘విలన్ లేకుండా ఈ కథ చెప్పగలరా?’ మా ఎనిమిదో తరగతి వాళ్ళు అరగంట తన్నుకులాడారు దీని మీద. ఒకమ్మాయి అంది, ‘విలన్ ఎందుకు సార్, పది గోల్స్ చాలవా?’ అని. ఆ మాట నాకింకా గుర్తుంది.

పిల్లలు ‘అల్లింది’ గడిలో వేయబోయే నిజం ఒకటుంది. జకార్తా ఫైనల్లో అంత జనం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే, పాకిస్తాన్ హాకీ జట్టు స్టాండ్స్‌లో కూర్చుని మనవాళ్ళని ఉత్సాహపరిచింది. మన ఆటగాళ్ళే తర్వాత ఈ సంగతి చెప్పుకున్నారు. ఇది చెప్పాక కాసేపు ఆగండి, పిల్లలు దాన్ని అరిగించుకోవాలి.

ఇంకో పేరు ఇక్కడ తప్పకుండా తీయండి: తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన కుర్రాడు. చునీ, పి.కె., బలరామ్ ముగ్గుర్నీ కలిపి ఆ కాలపు ఫుట్‌బాల్‌కి త్రిమూర్తులంటారు. రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టింది ఈయనే, పెరూ మీద కొట్టిందీ ఈయనే. జకార్తాలో థాయిలాండ్ మీద, జపాన్ మీద కూడా కొట్టాడు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో పోయారు, పి.కె., చునీ 2020లో పోయారు. రహీమ్ కొడుకు, స్వయంగా రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్న హకీమ్ 2021లో పోయారు. నలుగురిలో ఒక్కరు కూడా ఈ సినిమా విడుదల చూడలేదు. అమ్ముగూడ మీకు దగ్గరైతే ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి ఆ వీధులు చూపించండి. సినిమా పుట్టిన చోటు బస్సెక్కి వెళ్ళేంత దూరంలో ఉండటం అందరికీ దొరికే అదృష్టం కాదు.

ఎనిమిదో పని: గ్రౌండ్

మూడో రోజు. ఇది లేకపోతే మిగతా ఏడూ దండగ అని నా అభిప్రాయం.

రహీమ్ గారు హైదరాబాద్‌లో రెండు రకాల పోటీలు పెట్టేవారు. ఒకటి, బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని డ్రిబుల్ చేయకూడదు, వెంటనే పాస్ ఇచ్చేయాలి. రెండోది, అలవాటు లేని కాలితో మాత్రమే ఆడాలి. కుడికాలి వాడైతే ఎడమకాలు, ఎడమకాలి వాడైతే కుడికాలు. ఆయన శిక్షణలో వచ్చిన ఆటగాళ్ళు రెండు కాళ్ళతోనూ బంతిని వదిలేవాళ్ళంటే దాని వెనక ఈ పోటీలున్నాయి. ఇందులో ఖర్చు రూపాయి లేదు. మన స్కూళ్ళకి ఇంతకంటే పనికొచ్చే పద్ధతి నేను చూడలేదు.

మా గ్రౌండ్‌లో ఆడించే తీరు ఇది. కొలతలు నేను పెట్టుకున్నవే, మీ చోటుని బట్టి మార్చుకోండి. ముప్పై అడుగులేస్తే దాటేంత పొడవు, ఇరవై అడుగులేస్తే దాటేంత వెడల్పు. సున్నంతో గీత గీయండి, సున్నం లేకపోతే ముగ్గుపిండి. గోల్‌కి రెండేసి ఇటుకలు, మధ్య మూడు అడుగులు. గోల్ కీపర్ ఉండడు. అయిదుగురికి అయిదుగురు, అబ్బాయిలు అమ్మాయిలు కలిసి. ఏడు నిమిషాలు ఆట, రెండు నిమిషాల విరామం, మళ్ళీ ఏడు.

మొదటి సగం డ్రిబుల్ లేని ఆట. ఒక్కొక్కరికి రెండే తాకులు: ఒక తాకుతో ఆపాలి, రెండో తాకుతో ఇచ్చేయాలి. మూడోసారి తాకితే బంతి అవతలి జట్టుకి. మొదటి మూడు నిమిషాలు ఈల ఊదీ ఊదీ మీ బుగ్గలు నొప్పి పుడతాయి. ఆ తర్వాత ఒక మార్పు కనిపిస్తుంది, పిల్లలు బంతి రాకముందే తల ఎత్తి చుట్టూ చూడటం మొదలుపెడతారు. ఎవడు ఖాళీగా ఉన్నాడో వెతుక్కుంటారు. ‘ఇటు, ఇటు’ అని పిలుపులు మొదలవుతాయి. ఎప్పుడూ బంతి అందని బక్క పిల్లవాడికి కూడా బంతి అందుతుంది, ఎందుకంటే ఎవరూ దాన్ని దాచుకోలేరు.

రెండో సగం ఎడమకాలి ఆట. ప్రతి ఒక్కరికీ అలవాటైన కాలికి, అంటే ఈ ఆటలో వాడకూడని కాలికి, పాత చీర పేలికో రిబ్బనో కట్టండి. పేలిక కట్టిన కాలు బంతికి తగిలితే తప్పు. మా పదో తరగతిలో జిల్లా స్థాయి దాకా ఆడిన అబ్బాయి ఉన్నాడు. ఎర్ర రిబ్బన్ కట్టించుకుని దిగాడు. మొదటి తన్నుకే బంతి పక్కకు పోయింది, రెండోదానికి కాలు బంతికి తగల్లేదు, గాలిలో ఊగింది. కింద పడ్డాడు. అందరూ నవ్వబోయారు గాని ఆగిపోయారు, ఎందుకంటే అందరి పరిస్థితీ అదే. అతనికి పక్కనే ఆరో తరగతి అమ్మాయి, ఎప్పుడూ ఆడనిది, నిదానంగా ఎడమ పాదం లోపలి పక్కతో బంతిని నెట్టింది. అది ఇటుకల మధ్య నుంచి మెల్లగా దొర్లుకుంటూ వెళ్ళింది. బాగా ఆడేవాడు, ఆడలేనివాడు ఒకే గీత మీద నిలబడే ఆట ఇది.

మీరు జాగ్రత్తపడాల్సినవి కొన్ని. అలవాటు లేని కాలితో గట్టిగా తన్నితే తొడ కండరం పట్టేస్తుంది, ముందు పది నిమిషాలు వార్మప్ చేయించండి. గ్రౌండ్‌లో రాళ్ళు, గాజు పెంకులు ఏరించండి, ఆ పని పిల్లలతోనే చేయించవచ్చు. ఒట్టి కాళ్ళవాళ్ళని, బూట్లవాళ్ళని ఒకే ఆటలో కలపకండి. అందరికీ బూట్లు లేకపోతే అందరూ ఒట్టి కాళ్ళతోనే. ఎండ ముదరకముందే, ఎనిమిదిన్నరలోపు ముగించండి.

తొమ్మిదో పని: మీ ఊరి రహీమ్‌ని వెతికించండి

ఇది పిల్లలకు ఇచ్చే ఇంటి పని. ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. కబడ్డీ నేర్పిన పెద్దాయనో, పొద్దున్నే పిల్లల్ని పరిగెత్తించే రిటైర్డ్ పీఈటీనో, చెరువులో ఈత నేర్పిన మామ్మో. పేరు పేపర్లో వచ్చి ఉండదు. పిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్ళి మూడు ప్రశ్నలు అడగాలి: ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో మీకు గుర్తుండిపోయినవాళ్ళు ఎవరు? ఏ ఓటమి ఇప్పటికీ గుర్తుంది? మూడో ప్రశ్న దగ్గరే వాళ్ళు ఎక్కువ మాట్లాడతారు.

వెళ్ళే ముందు ఫోన్ చేసి అడగమనండి, ఉత్త చేతులతో వెళ్ళొద్దని చెప్పండి, నాలుగు అరటిపళ్ళు చాలు. వాళ్ళు ఒప్పుకుంటే ఒక రోజు బడికి పిలిచి అదే ఎడమకాలి ఆటకి ఈల వాళ్ళ చేతికివ్వండి.

మా దగ్గరికి వచ్చిన పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు. కుర్చీ వేశాం. పది నిమిషాలు కూర్చుని చూశాడు, తర్వాత లేచి గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇంకో పది నిమిషాలకు గీత దాటి లోపలికి వచ్చేశాడు. ఒకడి భుజం పట్టుకుని పక్కకు తిప్పి, ‘బంతిని కాదురా, వాణ్ణి చూడు’ అన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టే ప్రయత్నం ఎవరూ చేయలేదు. ఇప్పుడు శనివారం శనివారం వస్తున్నాడు. స్టోర్ రూమ్‌లో ఉన్న బంతికి గాలి కొట్టే పని ఏడో తరగతి వాళ్ళు తీసుకున్నారు.